బీఏ అయిపోతోంది. ఎమ్‌ఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేయమంటారా, నాన్న చెప్పినట్టు బీఈడీకి వెళ్ళమంటారా?

నాగావళి_గట్టు:

అందరికీ నమస్కారం. మాది పార్వతీపురం దగ్గర పల్లె. బీఏ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. హిస్టరీ మేజర్, సోషల్ వర్క్ మైనర్. సోషల్ వర్క్ నేను కోరి తీసుకున్నది కాదు. ఏం తీసుకోవాలో తెలియక నిలబడితే పక్కనున్న అమ్మాయి టిక్ పెట్టింది, నేనూ పెట్టాను. ఇప్పుడేమో హిస్టరీ కంటే ఇదే ఎక్కువ బుర్రలో తిరుగుతోంది.

మొదటి ఏడాది అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ ఇచ్చారు, 180 గంటలు. ప్రశ్నావళి పట్టుకుని 100 ఇళ్ళు తిరగాలి. ఇక్కడ నా పేరు ఎవరికీ తెలియదు కాబట్టి చెప్పేస్తున్నాను, నలభై ఇళ్ళు తిరిగాం, మిగతా అరవై ఫారాలు హాస్టల్ మెట్ల మీద కూర్చుని నింపేశాం. మార్కులు బాగానే వచ్చాయి.

తర్వాత ఇంటర్న్‌షిప్ మాత్రం వేరే సంగతి. ఒక పిల్లల హోమ్‌లో రెండు నెలలు. అక్కడ ఎనిమిదేళ్ళవాడు ఒకడు ఉండేవాడు, ఎవరితోనూ మాట్లాడడు. కూల్‌డ్రింకు సీసాల మూతలు పోగేసి గోడ వారన వరసగా పేర్చుకునేవాడు. నేనూ పక్కన కూర్చుని పేర్చడం మొదలుపెట్టాను. వారం తర్వాత నా వరసలో ఒకటి వంకరగా ఉందని సరిచేశాడు. మూడో వారంలో నా పేరు అడిగాడు. చివరి రోజు నా చున్నీ కొస పట్టుకుని "రేపు వస్తావా అక్కా?" అన్నాడు. "వస్తాను" అన్నాను. అప్పటికే సర్టిఫికెట్ మీద సంతకం అయిపోయింది, రానని నాకు తెలుసు. నాలుగు నెలలైంది. బస్సు ఆ రోడ్డు మీదుగా వెళ్తే నేను అటువైపు సీట్లో కూర్చోను.

మా నాన్న టైలర్. "సేవ చెయ్యడానికి చదువెందుకే? బీఈడీ చేస్తే ఎప్పటికైనా డీఎస్సీ రాసుకోవచ్చు" అంటాడు. అందులో తప్పేం లేదు. పక్కింటి మావయ్య అయితే "సోషల్ వర్క్ అంటే వచ్చే ఎలక్షన్లో వార్డు మెంబరుగా నిలబడతావా" అని నవ్వుతాడు.

నా డౌట్లు ఇవి. ఆంధ్రా యూనివర్సిటీలో చేయాలా, ముంబై టిస్‌కి (టాటా వాళ్ళ సోషల్ సైన్సెస్ సంస్థ) ప్రయత్నించాలా, లేక ఏదో ఉద్యోగం చూసుకుని ఇగ్నోలో దూరవిద్యగా చేస్తే సరిపోతుందా? స్పెషలైజేషన్ ఏది మంచిది? జీతాలు నిజంగా ఎలా ఉంటాయి? ఇంకొకటి, ఆ పిల్లాడి విషయంలో అలా చేసినదాన్ని ఈ చదువుకు పనికొస్తానా? ఇది డౌటో కాదో కూడా తెలియదు, కానీ మిగతా అన్నిటికంటే ఇదే ఎక్కువ తొలుస్తోంది.

---

సూటిగా_సుబ్బారావు:

మీ నాన్నగారి మాట వినమ్మా. మన దగ్గర సేవ చేసేవాళ్ళకు డిగ్రీ అక్కర్లేదు, డిగ్రీ ఉన్నవాళ్ళకు ఉద్యోగం లేదు. ఇదంతా ఈమధ్య ఎన్‌జీవోలవాళ్ళు ఫండ్స్ కోసం తెచ్చిన కోర్సు.

---

ఓరుగల్లు_పోరడు:

సుబ్బారావు సార్, ఈమధ్య అంటే ఎప్పుడు సార్? బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా పేరు మీద సోషల్ వర్క్ స్కూలు పెట్టింది 1936లో. ఇప్పుడు మనం టిస్ అంటున్నది దాన్నే. ఢిల్లీ స్కూల్ 1946లో, మద్రాస్ స్కూల్ 1952లో వచ్చాయి. అప్పటికి మీరు అన్న ఫండ్స్ ఎక్కడివి? చెల్లెకు రాత్రి డ్యూటీ నుంచి వచ్చాక వివరంగా రాస్తా.

---

వాల్తేరు_వాణి:

చెల్లీ, నీ ఆఖరి డౌట్ నుంచే మొదలుపెడతాను. మిగతావి ఎవర్ని అడిగినా చెబుతారు.

నువ్వు చేసిన పొరపాటుకు మా చదువులో ఒక చాప్టరే ఉంది. కేస్‌వర్క్‌లో, అంటే ఒక్కో మనిషితో విడిగా చేసే పనిలో, చివరి దశను టెర్మినేషన్ అంటారు. వినడానికి ఉద్యోగంలోంచి పీకేసినట్టు ఉంటుంది గానీ, ఒక మనిషితో మన పని ఎలా ముగించాలన్నదే దాని సంగతి. వెళ్ళిన మొదటి రోజే "నేను ఫలానా తారీకు వరకు వస్తాను" అని చెప్పాలి. ఆఖరి రెండు వారాలూ గుర్తు చేస్తూ ఉండాలి. చిన్నపిల్లలైతే క్యాలెండర్ ఇచ్చి రోజుకొక గడి వాళ్ళ చేతే కొట్టించాలి. నీకు ఇది ఎవరూ చెప్పి ఉండరు. హోమ్‌లో నిన్ను చూసుకోవాల్సినవాళ్ళు చెప్పలేదు, కాలేజీ నుంచి వచ్చినవాళ్ళు రిజిస్టర్ చూసి వెళ్ళిపోయి ఉంటారు. కాబట్టి తప్పంతా నీదే అనను. అసలు నీది కాదనీ అనను. అలా అంటే నువ్వు నమ్మవు కూడా.

నాది కూడా ఒకటి చెబుతాను. నేను ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్‌ఎస్‌డబ్ల్యూ 2009లో చేరాను. వారంలో రెండు రోజులు ఫీల్డ్‌వర్క్, మిగతా రోజులు క్లాసులు. నాకు ఒక ప్రభుత్వ ఆసుపత్రి పడింది. గుండె కవాటం పాడైన ఒకాయన వార్డులో ఉన్నాడు, పక్కన భార్య. ఆవిడ పొద్దున్నే చంటిబిడ్డతో నేల మీద కూర్చుని ఉండేది. నా మనసు కరిగిపోయింది. వెళ్ళిన ప్రతిసారీ వంద, యాభై చేతిలో పెట్టేదాన్ని. నా హాస్టల్ ఖర్చులోంచే. ఫీల్డ్ రిపోర్టులో "క్లయింట్‌కు భరోసా కల్పించాను" అని రాసుకున్నాను, గర్వంగా.

మా సూపర్‌వైజర్ మేడమ్ ఆ వారం ఐసీలో, అంటే విద్యార్థిని ఒక్కదాన్నే కూర్చోబెట్టి మాట్లాడే ఇండివిడ్యువల్ కాన్ఫరెన్స్‌లో, ఆ వాక్యం కింద ఎర్ర గీత గీశారు. "భరోసా సరే. ఆవిడ ఏమంది, నువ్వేమన్నావు, మాటకు మాట రాసుకుని రా" అన్నారు. దీన్నే ప్రాసెస్ రికార్డింగ్ అంటారు. రాసుకెళ్ళాను. మళ్ళీ రాయమన్నారు. మూడోసారి రాస్తుంటే నాకే కనబడింది, మొత్తం మూడు పేజీల్లో నేను ఆవిడను అడిగిన ప్రశ్న ఒక్కటే ఉంది, "తిన్నావా?" అని. ఆపరేషన్ ఎందుకు ఆగిందో అడగనే లేదు.

తర్వాతి మంగళవారం వెళ్ళి అడిగాను. రేషన్ కార్డు మీద ఆయన అసలు పేరుంది, ఆసుపత్రి చీటీలో ఊళ్ళో పిలిచే పేరుంది. రెండూ కలవక ఆరోగ్యశ్రీ కేసు ముందుకు కదలట్లేదు. ఆవిడకు చదువు రాదు, వాళ్ళు "పేరు సరిచేయించుకురా" అంటే ఎక్కడికి వెళ్ళాలో తెలియక అక్కడే కూర్చుంది, పదకొండు రోజులు. నేను వంద చేతిలో పెట్టి భుజం తట్టి వచ్చేస్తున్నాను! కావాల్సింది ఒక దరఖాస్తు, మండలాఫీసులో ఒక సంతకం, దాని వెనక తిరిగే మనిషి. రెండు రోజుల్లో అయిపోయింది. పైగా నేను డబ్బులిస్తున్నానని తెలిసి పక్క మంచాలవాళ్ళు ఆవిడతో మాట్లాడడం మానేశారట, అది వేరే.

కేస్‌వర్క్ మీద పుస్తకం రాసిన బీస్టెక్ చెప్పిన ఏడు సూత్రాలు పరీక్షకు అందరం బట్టీ పట్టాం. ఇప్పుడు నిద్రలో లేపినా అన్నీ చెప్పలేను. ఆ ఎర్ర గీత మాత్రం గుర్తుంది.

అందుకే కాలేజీ ఎంచుకునే ముందు బిల్డింగు, పేరు, ప్లేస్‌మెంట్ బోర్డు తర్వాత చూడు. అక్కడ చదువుతున్న సెకండియర్ వాళ్ళను పట్టుకుని అడుగు. ఫీల్డ్‌వర్క్ నిజంగా జరుగుతోందా, లేక నీ అరవై ఫారాల టైపా? (కోప్పడకు, మా బ్యాచ్‌లోనూ ఫారాలు మెట్ల మీదే నింపినవాళ్ళున్నారు.) ఒక సూపర్‌వైజర్ కింద ఎంతమంది? రిపోర్టు దిద్ది ఇస్తారా, టిక్ పెట్టి పడేస్తారా? రూరల్ క్యాంప్‌కు ఎక్కడికి తీసుకెళ్తారు? కోర్సు చివర ఒకే సంస్థలో నెల రోజులు వరసగా పనిచేసే బ్లాక్ ప్లేస్‌మెంట్ మనమే వెతుక్కోవాలా, వాళ్ళు చూస్తారా? ఈ జవాబులు బాగుంటే ఆ కాలేజీ పేరు ఎవరికీ తెలియకపోయినా ఫర్వాలేదు.

ఎంట్రన్స్‌ల సంగతి క్లుప్తంగా. మన రాష్ట్రంలో యూనివర్సిటీలకు ఏపీ పీజీసెట్ రాయాలి. ఆంధ్రాతో పాటు నాగార్జున, శ్రీకృష్ణదేవరాయ, తిరుపతి పద్మావతి మహిళా యూనివర్సిటీల్లోనూ ఈ కోర్సు ఉంది. తెలంగాణకు సీపీగెట్. టిస్‌కు ఇప్పుడు దేశమంతటికీ ఒకటే ఎంట్రన్స్ అయిన సీయూఈటీ-పీజీ రాయాలి, ఆ తర్వాత వాళ్ళ రౌండ్లు వేరేగా ఉంటాయి. సీయూఈటీ దరఖాస్తులు సాధారణంగా డిసెంబరు, జనవరిలోనే వచ్చేస్తాయి. మన పిల్లలు చాలామంది ఏప్రిల్‌లో లేచి చూసుకుంటారు, అప్పటికి పరీక్ష కూడా అయిపోయి ఉంటుంది. ఏ డిగ్రీ చేసినా ఎమ్‌ఎస్‌డబ్ల్యూకి రావచ్చు, నా క్లాసులో బీకామ్‌లు, బీఎస్సీలు ఎక్కువ. బీఎస్‌డబ్ల్యూ, అంటే డిగ్రీలోనే సోషల్ వర్క్ చేసినవాళ్ళు ఇద్దరే. మొదటి సెమిస్టర్‌లో వాళ్ళిద్దరూ మా కంటే చాలా ముందుండేవారు, రెండో సెమిస్టర్‌కు అందరం ఒకటయ్యాం.

నేనిప్పుడు విశాఖలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌ని. బ్రెయిన్ డెత్ అంటే ఒకసారి చూసి చెప్పేది కాదు. డాక్టర్ల బోర్డు కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షలు చేయాలి. ఆ ఆరు గంటలూ ఐసీయూ బయట కుర్చీల్లో ఉన్నవాళ్ళతో ఉండడమే నా పని. అవయవాల మాట ఎత్తడం చివరి పది నిమిషాలు. అంతకుముందు, ఇంట్లో నిర్ణయం తీసుకునేది ఎవరు, ఎవరి మాట చెల్లుతుంది, ఇంకా ఊరి నుంచి ఎవరు రావాలి, ఇవి తెలుసుకోవాలి. వద్దంటే వద్దే. అప్పుడూ అంబులెన్సు కాగితాల దాకా వాళ్ళతో ఉండాలి. 2014 రూల్స్‌లో ఈ పోస్టుకు డిగ్రీ ఉంటే చాలన్నారు, సోషల్ వర్క్ లాంటి సబ్జెక్టుల్లో పీజీ ఉంటే మేలన్నారు. నర్సులూ చేస్తారు, బాగా చేస్తారు.

ఇక ఆ పిల్లాడు. హోమ్ సూపరింటెండెంట్‌ను ముందు అడిగి, ఒకసారి వెళ్ళు. బొమ్మలూ చాక్లెట్లూ కొనుక్కెళ్ళకు. వస్తానని ఎందుకన్నావో, ఎందుకు రాలేదో చెప్పు. మళ్ళీ వస్తానని మాత్రం అనకు.

---

పైడిభీమవరం_హెచ్ఆర్:

వాణి మేడమ్ రాసింది చదివాక నాది రాయడానికి సిగ్గేస్తోంది, అయినా రాస్తాను. మా బ్యాచ్‌లో సగం మందిమి హెచ్ఆర్ వైపు పోయాం. కారణం జీతం. దాపరికం ఏముంది?

ఫ్యాక్టరీల చట్టం 1948ది. 500 మంది, అంతకు పైన ఉన్న ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలని 49వ సెక్షన్ చెప్పింది. కొత్త లేబర్ కోడ్‌లో ఆ లెక్క 250కి దిగింది. లేబర్ వెల్ఫేర్ పేపర్లతో ఎమ్‌ఎస్‌డబ్ల్యూ చేస్తే ఆ ఉద్యోగానికి దారి ఉంది, ఎంబీఏ వాళ్ళతో పోటీ మాత్రం తప్పదు. మీ క్లాసులో చెప్పే "గ్రూప్ వర్క్" ఇక్కడ ఎలా ఉంటుందంటే, క్యాంటీన్‌లో సాంబారు నీళ్ళలా ఉందని బి షిఫ్టు వాళ్ళు ప్లేట్లు బోర్లించి కూర్చుంటారు. మేనేజ్‌మెంట్ నన్ను పంపుతుంది. నేను సాంబారు గురించి మాట్లాడతాను. గంట తర్వాత తెలుస్తుంది, గొడవ సాంబారుది కాదు, కాంట్రాక్టు వాళ్ళకూ పర్మనెంటు వాళ్ళకూ వేరే వేరే కూపన్లు ఇచ్చారు, అదీ మంట.

ఒక్క మాట గుర్తుంచుకో. ఇక్కడ జీతం ఇచ్చేది యజమాని. నువ్వు కార్మికుల మనిషివా, కంపెనీ మనిషివా అని రోజూ రెండు వైపులా అడుగుతారు. ఆ పిల్లాడి కోసం బస్సులో సీటు మారే అమ్మాయివి, నీకు ఇది పడుతుందని నేననుకోను. పడినా పడొచ్చు, నేనే పన్నెండేళ్ళు ఉన్నాను.

---

నాగావళి_గట్టు:

అందరికీ థాంక్స్. వాణి అక్కా, మీరు రాసింది మూడుసార్లు చదివాను. నాన్నకు కూడా చదివి వినిపించాను. రేషన్ కార్డు పేరు దగ్గర మిషన్ ఆపి విన్నాడు. మా తాతయ్య పింఛను కూడా పేరు తేడాతోనే ఆరు నెలలు ఆగిందట, ఆ సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. "అయితే ఇది సేవ కాదు, పని" అన్నాడు. "పనికి జీతమెంతో అడుగు" అన్నాడు. అందుకే అడుగుతున్నాను, గవర్నమెంటు వైపు ఎంత ఇస్తారు?

---

ఓరుగల్లు_పోరడు:

మీ నాన్న సరిగ్గా అడిగిండు. నేను కాకతీయలో ఎమ్‌ఎస్‌డబ్ల్యూ చేసి, పిల్లల రక్షణ విభాగంలో కాంట్రాక్టు మీద పనిచేస్తున్న. మిషన్ వాత్సల్య అనే కేంద్రం పిల్లల రక్షణ పథకం కింద ప్రతి జిల్లాకూ ఒక యూనిట్ ఉంటది. కేంద్రం మార్గదర్శకాల్లో ఉన్న లెక్క చెప్తా. అవుట్‌రీచ్ వర్కర్‌కు నెలకు 10,592. సోషల్ వర్కర్, కౌన్సెలర్‌కు 18,536. ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు 27,804. జిల్లా అధికారికి 44,023. సోషల్ వర్కర్ పోస్టుకు డిగ్రీ చాలు. ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు పీజీ అడుగుతరు, డిగ్రీ వాళ్ళకైతే అనుభవం కావాలె. అంటే డిగ్రీకీ పీజీకీ మధ్య తేడా మా ఆఫీసులో నెలకు తొమ్మిది వేల పైచిలుకు. ఎక్కువనుకుంటవో తక్కువనుకుంటవో నీ ఇష్టం. కాంట్రాక్టు ఏడాదికోసారి పొడిగిస్తరు. జీతం ఒకటో తారీకున పడుతదని మాత్రం లెక్క వేసుకోకు. నాకు ఒకసారి నాలుగు నెలలు రాలే. బండి కిస్తీ మా బామ్మర్ది కట్టిండు, ఇప్పటికీ పండుగ పండుగకూ గుర్తు చేస్తడు.

పని ఎట్లుంటదంటే, పిల్లగాడు రైల్వే స్టేషన్లో దొరికితే చైల్డ్ వెల్ఫేర్ కమిటీ ముందు పెడతరు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం పదిహేను రోజుల్లో సోషల్ ఇన్వెస్టిగేషన్, అంటే పిల్లగాడి ఇంటి పరిస్థితి మీద విచారణ, పూర్తి కావాలె, కమిటీ నాలుగు నెలల్లో ఆఖరి ఆర్డర్ ఇయ్యాలె. ఆ రిపోర్టు కోసం మేం ఊరికి పోతం. నా మొదటి రిపోర్టులో "తల్లి నిర్లక్ష్యం" అని రాసిన. పక్కింటామె చెప్పింది అట్లనే ఉండె. మా సీనియర్ చదివి, "తల్లి ఇంట్లో ఏ టైమ్‌కు ఉంటది, పోయి చూసినవా?" అన్నడు. మళ్ళీ పోయిన, పొద్దుగూకినంక. ఆమె పత్తి ఏరడానికి తెల్లారకముందే ఆటోలో పోతది, చీకటి పడ్డంకనే వస్తది. పిల్లగాడు ఒక్కడే ఉండలేక అమ్మమ్మ ఊరికని రైలెక్కిండు, తప్పు రైలు. రెండు పదాలు కొట్టేసి ఒక పేజీ రాసిన. పిల్లగాడు ఇంటికి పోయిండు. ఆ రెండు పదాలు అట్లనే ఉంటే ఏమయ్యేదో నేను ఆలోచించను.

అందుకని చెల్లె, రాయడం నేర్చుకో. చూసింది వేరే, విన్నది వేరే, నువ్వనుకున్నది వేరే. మూడూ ఒకే వాక్యంలో కలిపి రాస్తరు మన పిల్లలు.

---

ఇగ్నో_అమ్మ:

నేను పెళ్ళయి, ఇద్దరు పిల్లలు పుట్టాక ఇగ్నోలో ముందు బీఎస్‌డబ్ల్యూ, ఆ తర్వాత ఎమ్‌ఎస్‌డబ్ల్యూ చేశాను. అప్పటికే ఒక చిన్న సంస్థలో పొదుపు సంఘాల ఆడవాళ్ళతో పనిచేస్తున్నాను కాబట్టి నాకు సరిపోయింది. దూరవిద్య అయినా ఫీల్డ్‌వర్క్ తప్పదు, జర్నల్ రాయాలి, సూపర్‌వైజర్ సంతకాలు కావాలి. కానీ వాణిగారికి దొరికిన మేడమ్ లాంటివాళ్ళు దూరవిద్యలో దొరకడం కష్టం. నాకు ఎదురుగా కూర్చుని మాట్లాడినవాళ్ళు లేరు, పోస్టులో మార్కులు వచ్చేవి. నీకు ఇంట్లోంచి రెండేళ్ళు బయట ఉండే వీలుంటే రెగ్యులర్‌కే వెళ్ళు. వీల్లేకపోతే ఇది కూడా చదువే, చిన్నచూపు చూడకు.

---

డాలస్_దుర్గ:

నాది పూర్తిగా వేరే కథ, రెండు ముక్కల్లో చెబుతాను. హైదరాబాద్‌లో ఎమ్‌ఎస్‌డబ్ల్యూ చేసి, పెళ్ళయి ఇక్కడికి, అమెరికాకు వచ్చాను. మన దేశంలో డాక్టరుకు, నర్సుకు ఉన్నట్టు సోషల్ వర్కర్లందరికీ వర్తించే చట్టబద్ధమైన కౌన్సిల్ గానీ, లైసెన్సు గానీ లేదు. ఎవరైనా విజిటింగ్ కార్డు మీద సోషల్ వర్కర్ అని అచ్చేసుకోవచ్చు. ఇక్కడ రాష్ట్రం లైసెన్సు ఇవ్వాలి. బయటి డిగ్రీని సీఎస్‌డబ్ల్యూఈ అనే సంస్థ పరిశీలించి ఇక్కడి డిగ్రీకి సమానమో కాదో చెబుతుంది. ఇక్కడి లెక్కలో బ్యాచిలర్స్‌లో కనీసం 400 గంటలు, మాస్టర్స్‌లో 900 గంటలు ఫీల్డ్. నా కాగితాల్లో "వారానికి రెండు రోజులు" అని ఉంది గానీ గంటలు ఎక్కడా రాసి లేవు. వాటి కోసం పన్నెండేళ్ళ తర్వాత కాలేజీకి ఉత్తరాలు రాశాను. చెల్లీ, నువ్వు విదేశాలకు వస్తావో రావో తెలియదు గానీ, ఏ రోజు ఎన్ని గంటలు ఎక్కడ చేశావో ఒక డైరీలో రాసి, ఫీల్డ్ సూపర్‌వైజర్ చేత సంతకం పెట్టించి దాచుకో.

---

సూటిగా_సుబ్బారావు:

పద్దెనిమిది వేలకు ఆరేళ్ళ చదువా? చూశారా, నేను చెప్పింది ఇదే.

---

ఓరుగల్లు_పోరడు:

పద్దెనిమిదికి మూడేళ్ళే సార్, డిగ్రీ చాలన్న కదా. ఇరవై ఏడుకు ఐదేళ్ళు. ఆరేళ్ళు ఎక్కడికెళ్ళి వచ్చినయి?

---

వాల్తేరు_వాణి:

సుబ్బారావుగారు లెక్క తప్పారు గానీ బాధ నిజమే. మా బ్యాచ్‌లో ముప్పై మందిమి ఉంటే ఈ పనిలో మిగిలింది తొమ్మిది మంది. బ్యాంకుల్లో ఉన్నారు, టీచర్లయ్యారు, ఒకతను గాజువాకలో మొబైల్ షాపు పెట్టాడు. బాగానే ఉన్నాడు.

స్పెషలైజేషన్ గురించి అడిగావు కదా, అది మరిచిపోయాను. పిల్లలు, కుటుంబం వైపు నీకు మొగ్గు ఉందని తెలుస్తూనే ఉంది. టిస్ ముంబైలో ఆ వైపు లోతుగా చదవొచ్చు. మానసిక ఆరోగ్యం వైపు మనసు పోతే మాత్రం ఎమ్‌ఎస్‌డబ్ల్యూతో ఆగదు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అంటే సోషల్ వర్క్ పీజీ మీద రెండేళ్ళ ఎంఫిల్ చేసినవాళ్ళని లెక్కేసింది. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ దానికి పేరున్న చోటు. ఎంఫిల్‌ల మీద యూజీసీ నిబంధనలు మారుతున్నాయి కాబట్టి ఆ ఏడాది నోటీసు చూసుకునే అడుగు వెయ్యి. లెక్చరర్ కావాలనుకుంటే యూజీసీ నెట్‌లో సోషల్ వర్క్ ఒక సబ్జెక్టుగా ఉంది. ఇవన్నీ ఇప్పుడే తేల్చుకోవాలని లేదు. మొదటి ఏడాది అందరికీ దాదాపు ఒకటే పేపర్లు ఉంటాయి. రెండు ఫీల్డ్ ప్లేస్‌మెంట్లు అయ్యాక నీకే తెలుస్తుంది. నేను కమ్యూనిటీ డెవలప్‌మెంట్ అనుకుని చేరి ఆసుపత్రిలో తేలాను.

---

నాగావళి_గట్టు:

నిన్న వెళ్ళాను. సూపరింటెండెంట్ గారికి ముందురోజే ఫోన్ చేసి అడిగాను. అరగంట అన్నారు.

వాడు అక్కడే, అదే గోడ దగ్గర ఉన్నాడు. మూతలు ఎక్కువయ్యాయి, ఇప్పుడు రెండు వరసలు. నన్ను చూసి తల దించుకున్నాడు. నేనూ కూర్చున్నాను, మూతలు ముట్టుకోలేదు. ఎలా చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చాను, ఒక్క ముక్కా గుర్తురాలేదు. "ఆ రోజు వస్తానన్నాను. నాకు అక్కడ పని అయిపోయింది, రానని తెలిసీ వస్తానన్నాను. అలా అనకూడదు" అన్నాను. వాడేం మాట్లాడలేదు. కాసేపటికి ఒక ఎర్ర మూత నా వైపు జరిపాడు. నేను వరసలో పెట్టాను. మళ్ళీ సరిచేశాడు.

లేచేటప్పుడు "రేపు?" అన్నాడు.

"రేపు రాను" అన్నాను. "మళ్ళీ ఎప్పుడొస్తానో కూడా తెలియదు."

కొంచెంసేపు చూశాడు. అంతలో భోజనం బెల్ కొట్టారు. మూతలు గబగబా జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. ఒకటి కింద పడితే వెనక్కి వచ్చి తీసుకున్నాడు.

బస్సులో అటువైపు సీట్లోనే కూర్చున్నాను.

సీయూఈటీ గడువు దాటిపోయింది, కాబట్టి ఈ ఏడాదికి టిస్ లేదు. ఏపీ పీజీసెట్ రాస్తాను. నాన్న ఫీజుకు డబ్బులు ఇచ్చాడు. బీఈడీ ఎంట్రన్స్‌కు కూడా కట్టమని రెండో కవర్‌లో వేరేగా పెట్టి ఇచ్చాడు, రెండూ రాస్తాను. వాణి అక్కా, వచ్చే సోమవారం డిపార్ట్‌మెంట్‌కు వద్దామనుకుంటున్నాను, సెకండియర్ వాళ్ళతో మాట్లాడడానికి. ఫీల్డ్‌వర్క్ లేని రోజు ఏదో తెలిస్తే చెప్పండి. లేకపోతే వచ్చేసరికి అందరూ ఫీల్డ్‌లో ఉంటారేమో.